ఓడిన పార్టీకి బురైదా ఖర్జూరాలు

నాకు షుగర్ ఉంది. అలాంటిదాన్ని ఖర్జూరపు సంత చూడడానికి నాలుగు గంటలు కారులో వెళ్ళానంటే నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. నిజానికి నన్ను అక్కడిదాకా లాక్కెళ్ళింది ఖర్జూరం కాదు, ఒక రాజకీయ పార్టీ. కాకినాడ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. పార్టీ అనే మాట చెవిన పడితే మోకాళ్ళ నొప్పి కాసేపు మరిచిపోతాను. రియాద్ ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న మా అమ్మాయి సునీత దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చాను. సునీత వార్డు సూపర్‌వైజరు మేయ్ లింగ్ మలేసియా చైనీయురాలు. ఒకరోజు మా ఇంట్లో పెసరట్టు తింటూ, నాన్న పార్టీ కోసం బురైదా వెళ్ళి ఖర్జూరం కొనాలి అంది. మలేసియాలోని చైనీయుల పార్టీకీ సౌదీ ఖర్జూరానికీ ఏమిటమ్మా సంబంధం అని అడిగాను. కారులో చోటుంది, వస్తే దారిలో చెబుతానంది. ఇంకేం కావాలి.

శుక్రవారం నమాజు అయ్యాక రెండింటికి బయల్దేరాం. సునీతకు డ్యూటీ. కారు తోలింది జగిత్యాల లచ్చన్న; కారు అతని కఫీల్‌ది, అంటే వీసా ఇచ్చిన యజమానిది. రానుపోను, రాత్రి ఆగినందుకు, పెట్రోలుతో కలిపి ఆరు వందల రియాళ్ళు. బురైదా వైపు వెళ్ళే ఖసీం హైవే గీత గీసినట్టు ఉంటుంది. రెండు పక్కలా ఇసుక, అప్పుడప్పుడు ఒంటెలు, ఆ తరువాత మళ్ళీ ఇసుక. చూడడానికేమీ లేని దారి కథ వినడానికి ఎంతో అనువు.

ఆ ఏడాది రియాద్‌లో ఏ ఇద్దరు తెలుగువాళ్ళు కలిసినా మొదటి మాట లెవీ, రెండో మాట నితాకత్. పెళ్ళాంబిడ్డల్ని వెంట ఉంచుకుంటే తలకింత చొప్పున కట్టేది లెవీ. కంపెనీలో సౌదీలు ఇందరుండాలని లెక్కగట్టి ఎరుపు, పసుపు, పచ్చ రంగులు వేసేది నితాకత్. మేయ్ లింగ్ కుర్చీ కూడా ఆ లెక్కలోనే పోయింది. నౌఫ్ అనే సౌదీ అమ్మాయికి ఇచ్చారు. ఈమె నెలాఖరుకు ఫైనల్ ఎగ్జిట్ మీద దేశం వదిలి వెళ్ళిపోవాలి. పాపం అనబోయాను. నౌఫ్‌కు పని నేర్పింది తానేననీ, ఆ పిల్ల సూది గుచ్చితే రోగికి తెలియదనీ, కుర్చీ సరైన చేతికే వెళ్ళిందనీ చెప్పి నా పాపాన్ని నాకే తిప్పి ఇచ్చింది.

సగం దారిలో మజ్మా ఊరి దగ్గర పాలటీ తాగుతుంటే పార్టీ కథ మొదలైంది. తెల్లవాళ్ళ కాలంలో, అడవిలో తిరుగుబాటుదార్లకు అన్నం పెడుతున్నారని చైనీయుల పల్లెల్ని ఎత్తి ముళ్ళకంచెల మధ్య కొత్త ఊళ్ళలో పడేశారట. ఆ కంచెల్లోకి బియ్యం, ఇంటి రేకులు మోసుకొచ్చిన పెద్దమనుషులదే ఈ పార్టీ. లక్షలమందికి పౌరసత్వం రావడంలో వాళ్ళ చెయ్యి ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక పెద్ద మలయ్ పార్టీ పక్కన కూర్చుని మంత్రి పదవులు చూశారు, బడులు నిలబెట్టారు. మేయ్ లింగ్ తండ్రి తమ ఊరి శాఖకు అధ్యక్షుడు. ఆఫీసంటే కాఫీకొట్టులో ఒక బల్ల. మురుగుకాల్వ పూడినా, గుర్తింపు కార్డు రాకపోయినా, ఎవరింట్లో చావైనా ఆ బల్ల దగ్గరికే వచ్చేవారు.

ఖర్జూరం సంగతికొస్తే, ఏటా శరత్కాలపు పౌర్ణమికి ఊరి హాల్లో దీపాలు కట్టి ఊరందరికీ విందు పెట్టేవాడు ఆ పెద్దమనిషి. చైనీయుల వంటింట్లో పంది మాంసం వండుతారు కనుక మలయ్ ముస్లింలు గుమ్మం దాకా వచ్చి, చేతులు కలిపి, ఏమీ తినకుండా వెళ్ళేవారు. కూతురికి సౌదీలో ఉద్యోగం రాగానే ఆయన అడిగిన మొదటి వస్తువు బంగారం కాదు, ఖర్జూరం. చైనా వంటను శంకించవచ్చు గానీ సౌదీ ఖర్జూరాన్ని ఏ ముస్లిం శంకిస్తాడు? ఆ ఏడే మలయ్ కుటుంబాలు లోపలికి వచ్చి కూర్చున్నాయట. నేను పాఠం చెప్పిన పుస్తకాల్లో సంకీర్ణ రాజకీయాలకు ఇంత చక్కని నిర్వచనం లేదు.

తరువాత దిగజారడం మొదలైంది. పెద్ద పార్టీ పక్కన కూర్చున్నవాళ్ళు గట్టిగా మాట్లాడడం మానేశారు. పైనున్నవాళ్ళు పదవుల కోసం కొట్టుకున్నారు. కుర్రకారు వీళ్ళని తోకలన్నారు, గట్టిగా అరిచే వేరే పార్టీకి వెళ్ళారు. మొన్నటి ఎన్నికల్లో పెద్ద పార్టీ మునిగింది, వీళ్ళనూ తీసుకునే మునిగింది. విందుకు ఎవరూ రారు, ఈసారి ఖర్జూరం తేవద్దని తండ్రి ఫోన్ చేశాడట.

"తేవద్దన్నాక ఎందుకు వెళ్తున్నాం?" అన్నాను. నాకు మెత్తగా అడగడం రాదు.

"ఎవరూ రాకపోతే మిగిలిన ఖర్జూరం చూసి ఆయనే విందు మానేస్తాడు ఆంటీ. నేను కొనకపోతే, మాన్పించినదాన్ని నేనవుతాను."

కథనంతా నాచేత తెలుగులో చెప్పించుకున్న లచ్చన్న అద్దంలోంచి నన్ను చూశాడు. "మా ఊళ్ళె పాత సర్పంచి గూడ గిట్లనే అమ్మా. మోరీలు సాఫ్ చేయించె, చావుకొచ్చె, పెండ్లికొచ్చె. మేమే ఓడగొట్టినం."

"ఎందుకయ్యా?"

"ఆయన ఏడికి పోతడు, ఎప్పటికి ఉంటడు గద అని."

ఆ మాట మేయ్ లింగ్‌కు ఇంగ్లీషులో చెప్పాను. 

రాత్రికి నూటయాభై రియాళ్ళకు వంటగది ఉన్న గది దొరికింది. తెల్లవారుజామున అయిదింటికల్లా సంతలో ఉన్నాం. వరసలు తీరిన పికప్ బళ్ళు, వాటి నిండా అట్టపెట్టెలు, బండి మీద నిలబడి వేలంపాట పాడే దళారులు, తోపుడుబళ్ళతో పరుగెత్తే బంగ్లాదేశీలు. గాలి కూడా తీపి. నాలాంటివాళ్ళు ముక్కు మూసుకుని తిరగాలి. అబూ సాలెహ్ అనే ముసలి వ్యాపారి మేయ్ లింగ్‌ను దూరం నుంచే పోల్చుకున్నాడు. నాన్న ఎలా ఉన్నాడని అడిగి, ఎప్పటిలాగేనా అన్నాడు.  మేయ్ లింగ్ ఒక పెట్టెలోంచి సుక్కరీ రకం పండు తీసి చిదిమి చూసింది, రెండో పెట్టెలోదీ చిదిమింది. నేను అడ్డుపడలేదు, సలహా ఇవ్వకుండా అంతసేపు ఉండడం నాకే వింతగా తోచింది.

"ఎప్పటిలాగే," అంది చివరికి. మూడు కిలోల పెట్టె ముప్ఫై రియాళ్ళు. నాన్నకని అబూ సాలెహ్ ఒక పెట్టె ఊరికే ఇచ్చాడు. నేనూ ఒకటి తిన్నాను. సునీతకు చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

నెలాఖరుకు ఆమె వెళ్ళిపోయింది. పౌర్ణమి దాటిన రెండోరోజు ఫోన్ చేసింది. సొంత పార్టీవాళ్ళు నలుగురైదుగురు వచ్చారట, అందరూ చేతికర్రలు పట్టుకున్న ముసలివాళ్ళే. మలయ్ ఇరుగుపొరుగు మాత్రం పిల్లలతో సహా వచ్చి, ఖర్జూరాల ముందు ఎప్పటిచోట్లోనే కూర్చున్నారట. వాళ్ళ వెనకాల మొన్న గెలిచిన పార్టీ తాలూకు చైనీయ కుర్రాడు వచ్చాడు. మేము విందు పెడితే మలయ్‌లు గుమ్మం దాటడం లేదు, ఈ ఖర్జూరం ఎక్కడిదని తండ్రిని అడిగాడు. ఆయన కళ్ళజోడు వెతుక్కుని అబూ సాలెహ్ నంబరు రాసిచ్చాడు.

"సీటు వాళ్ళదే, ఓటు వాళ్ళదే, ఖర్జూరం కూడానా?" అంది మేయ్ లింగ్. "మీరు చెప్పండి ఆంటీ."

"ఇంతకీ మీ నాన్న ఏమన్నాడు?"

"మెత్తవి చూసి కొనమన్నాడు. ఎండినవైతే పిల్లలు తినరట."

నువ్వు పని నేర్పిన నౌఫ్ ఎలా ఉంది, నీ వార్డు బాగా చూసుకుంటోందా అని మాత్రం అడిగాను.  మేయ్ లింగ్ నవ్వింది.

పార్టీల పుట్టుక గురించీ చావు గురించీ చాలా పాఠాలు చెప్పాను. ఓడినవాడు గెలిచినవాడికి దుకాణం దారి చూపించడం ఏ పాఠంలోనూ చెప్పలేదు. ఆ పార్టీ మళ్ళీ లేస్తుందని నాకు ఆశ లేదు. ముళ్ళకంచెలోకి బియ్యం మోసుకెళ్ళిన చేతులు చివరిదాకా చేసిన పని అదే మరి, ఎదుటివాడు ఏది తినగలడో కనుక్కుని పెట్టడం. బల్ల ఎవరిదైతేనేం, ఆ పని ఇంకో ఏడాది సాగుతుంది.

బురైదా వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఆగస్టు, సెప్టెంబరుల్లో వెళ్ళండి, సూర్యోదయానికి ముందే సంతకు చేరండి, పెట్టె కొనేముందు పై వరస తీసి అడుగు వరసలోని పండు చిదిమి చూడండి. పై వరస ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.