మక్క రొట్టెనే కదా అని జెద్దా వెళితే

శుక్రవారం ఉదయం ఏడింటికి, సౌదీలో నేను పనిచేసే రాబిగ్‌లో జెద్దా వ్యాను ఎక్కాను. ఒళ్లో మక్కపిండి (మొక్కజొన్న పిండి) సంచి. దానికి కారణం నా నోరే. మా ప్లాంటులో వెల్డింగ్ తనిఖీ చేసే కార్లోస్ సార్‌ది ఎల్ సాల్వడార్. విజిట్ వీసా మీద వచ్చిన వాళ్లమ్మ ఇక్కడేమీ నచ్చక, తిరుగు టికెట్ ముందుకు జరపమంటోందట. ఆమెకిష్టమైన పుపుసా ఫొటో చూపించాడు. లోపల చీజు, చిక్కుడు గింజల ముద్ద పెట్టి కాల్చిన మక్క రొట్టె. "మా జగిత్యాలలో పిల్లలు కూడా చేస్తారు సార్" అని వచ్చీరాని ఇంగ్లీషులో కోతలు కోశాను. నిజానికి రొట్టెలు తినడమే తప్ప చేసి ఎరగను. "అయితే శుక్రవారం జెద్దాలో మా ఇంటికొచ్చి అమ్మకు చేసిపెట్టు" అనేశాడు.

పాకిస్తానీ డ్రైవరు సంచి తట్టి, "సిమెంటా భాయ్?" అన్నాడు.

"వంటకు."

"నువ్వా?" అని దారంతా అద్దంలో నన్నే చూశాడు.

తొమ్మిదిన్నరకు జెద్దా పాతబస్తీ బలద్‌లో దిగాను. శుక్రవారం కదా, దుకాణాలు సగం మూసే ఉన్నాయి. పరోటా, చాయ్ ముగించి టాక్సీలో సార్ ఇంటికి చేరాను. ఆ ఇంట్లో పనిచేసే సత్యవతిది అమలాపురం.

"వచ్చారా అన్నయ్యా! పెద్దావిడ కాఫీ తప్ప ఏమీ ముట్టట్లేదండి" అంది.

పెద్దావిడ వంటింట్లో కుర్చీ వేసుకుని, చేతులు కట్టుకుని కూర్చుంది. నేను చన్నీళ్లతో పిండి కలిపి, చీజు, గింజలు కూరి పెనం మీద వేశాను. రొట్టె నాలుగు ముక్కలైంది. గింజలు దొర్లాయి, చీజు మాడింది, పొగకు అలారం మోగింది.

"అన్నయ్యా, ఇది రొట్టా, ఉప్మానా?"

పెద్దావిడ కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. పరుగెత్తుకొచ్చిన కార్లోస్ సార్ ఆ నవ్వు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

ఆమె నన్ను మోచేత్తో పక్కకు నెట్టింది. పిండిలో మరిగే నీళ్లు పోసి మగ్గనిచ్చింది. ముద్దలో గుంట చేసి, కూరి, అంచులు మూసి, రెండు చేతుల మధ్య చప్పట్లు కొట్టినట్టు తట్టింది. తర్వాత నా చేతులు పట్టుకుని తట్టించింది. తప్పు చేసినప్పుడల్లా మణికట్టు మీద ఒక దెబ్బ. చివరికి నాది ఒకటి పగలకుండా కాలింది. ఆమె దాని మీద ఊరబెట్టిన పుల్లటి క్యాబేజీ వేసుకుని నమిలి, స్పానిష్‌లో ఏదో అంది.

"ఇది పుపుసా కాదంటోంది" అన్నాడు సార్. నా మొహం వాడిపోయింది. "వచ్చే శుక్రవారం రమ్మంటోంది. సరిగ్గా నేర్పుతుందట."

"అంటే ప్రయాణం మానుకున్నట్టేనండి!" అంది సత్యవతి.

నాలుగింటి వ్యానులో తిరిగొస్తుంటే మణికట్టు ఇంకా మండుతోంది. ఈ దారిన వెళ్లేవారికి నా సలహా ఒక్కటే. జెద్దాలో సాల్వడార్ తల్లి ఎదురైతే, వంట వచ్చని మాత్రం చెప్పకండి. రాదంటే ఇంకా బాగా చూసుకుంటుంది.