వదిన అడిగిన పాతగుడ్డ

నేను అమ్మే ఏ వస్తువుకైనా మొదటి ఫోటో దాని లోపానిదే. వాకర్ చక్రం అరిగిపోయి ఉంటే ముందు ఆ చక్రం, కాలు దగ్గర తుప్పు ఉంటే ముందు ఆ తుప్పు. అందచందాలు తర్వాత. ఫోన్‌లో పాత సామాను అమ్మేవాళ్ళు మామూలుగా ఇలా చెయ్యరు. లోపమున్న వైపు గోడకు తిప్పి, బాగున్న వైపు ఎండలో పెట్టి తీస్తారు. కొనేవాళ్ళు పెరంబూరు దాకా బస్సెక్కి వచ్చి, మా మెట్లెక్కి, అప్పుడు తుప్పు చూసి మొహం మాడ్చుకోవడం నాకు ఇష్టం లేదు. నచ్చనివాళ్ళు వాళ్ళింట్లోనే కూర్చుని నచ్చలేదనుకుంటే ఇద్దరికీ సుఖం. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంటాడు మా ఆయన. సరే, నాలుగో కాలు లేదని ముందే ఫోటో పెట్టి ఆ కుందేలును కూడా అమ్ముతానన్నాను.

నాది పసిపిల్లల సామాను వ్యాపారం. మా అమ్మాయి వాకర్‌తో మొదలైంది. ఏడేళ్ళు అటక మీద ఉన్నదాన్ని దించి, తుడిచి, ఫోన్‌లో పెడితే సాయంత్రానికల్లా ఒకాయన వచ్చి పట్టుకుపోయాడు. బిడ్డ పెరుగుతుంది కానీ తొట్టిల్ పెరగదు కదా అని అప్పుడు తోచింది. తొట్టిల్ అంటే ఊయలే. తరాలుగా ఇక్కడే ఉన్న మాకు ఆ అరవమాటే ముందు నోటికొస్తుంది. ఈ ఊళ్ళో ఎన్ని అటకల మీద తొట్టిళ్ళు దుమ్ము కొట్టుకుని ఉన్నాయో, ఎన్ని ఇళ్ళలో బిడ్డలు పుడుతున్నారో చూసి, నేను మధ్యలో నిలబడ్డాను. కొన్నవాటిని మేడ మీద వేడినీళ్ళతో కడిగి, రెండు రోజులు ఎండబెట్టి, నట్లు బిగించి అమ్ముతాను. మా ఆయన వర్క్‌షాపు జీతం ఇంటికి సరిపోతుంది. అమ్మాయి చదువు ఈ తొట్టిళ్ళ మీద నడుస్తుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏముందో నాకు ఇప్పటికీ తెలియదు.

తెలిసింది మా వదినకు. ఆమె మా ఆయన అక్క. పురసవాక్కంలో వాళ్ళకు పెద్ద బట్టల కొట్టు ఉంది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, మా వదినకు ఆ అర్ధం చాలదు. మా అత్త మా దగ్గరే ఉంటుంది కాబట్టి వదిన ప్రతి శుక్రవారం అమ్మకు పూలు తీసుకుని వచ్చేది. అలా వచ్చిన ఒక శుక్రవారం వరండాలో మూడు తొట్టిళ్ళు వరసగా కనిపించాయి.

"ఏంది మేయ్ ఇది, పాత ఇనుము అంగడి మాదిరి? ఎవురి బిడ్డ పండుకున్న తొట్టిలో ఏమో. ఆ బిడ్డ ఉండాడో లేడో. అట్టాంటివి తెచ్చి ఇంట్లో పెట్టుకుంటారా?"

"ఉండారు వదినా. పెరిగి బడికి పోతా ఉండారు. అందుకే అమ్మేసినారు."

ఎదురుమాట వినడం ఆమెకు అలవాటు లేదు. "ఈ సామాను ఈడ ఉన్నన్నాళ్ళు నేను ఈ గడప తొక్కను" అని, పూలు అమ్మ చేతిలో పెట్టి మెట్లు దిగిపోయింది.

మాట మీద నిలబడింది కూడా. నెలలు గడిచాయి. అత్తకు మోకాళ్ళు పట్టేసి మెట్లు దిగలేదు, ఆమె పోయి కూతుర్ని చూసేదీ లేదు. శుక్రవారం పొద్దున తల దువ్వుకుని, కొంగు సర్దుకుని మెట్ల వైపు చూస్తూ కూర్చునేది. వదిన మీద నాకు కోపమే కానీ బాధ లేదు. బాధంతా అత్తను చూస్తేనే. "గమ్మున కొన్నాళ్ళు నిలిపెయ్యరాదా, అమ్మ కోసం" అన్నాడు మా ఆయన. నిలిపేస్తే వదిన వస్తుంది, నిజమే. కానీ గెలిచి వస్తుంది. ఈరోజు తొట్టిళ్ళు వద్దన్నది రేపు నా పిల్ల బడి దగ్గరికి వస్తుంది. నేను ఆపలేదు. అత్త ఆపమనీ అనలేదు, ఆపొద్దనీ అనలేదు.

ఈలోగా వదిన కూతురికి సీమంతం వచ్చింది. మమ్మల్ని పిలిచారు, పిలుపుతో పాటు ఒక షరతు కూడా పంపారు. ఎవరైనా అడిగితే నేను ఆన్‌లైన్ బిజినెస్ అని చెప్పాలట. కల్యాణమండపంలో నా పక్కన కూర్చున్నావిడ అడగనే అడిగింది. "పసిపిల్లల పాత సామాను కొని అమ్ముతా ఉండా. మీ ఇంట్లో ఏవైనా ఉండాయా?" అన్నాను. గాజులు తొడుగుతున్న వదిన చెయ్యి ఆగింది. చేతులు కడుక్కునే చోట మాత్రం ఇద్దరు ఆడవాళ్ళు గుట్టుగా నా నంబరు తీసుకున్నారు.

కూతురికి తొమ్మిదో నెలలో వదిన నుంచి ఫోన్ వచ్చింది. మాలో పుట్టిన బిడ్డకు కొత్తబట్ట వెయ్యరు. పురుడు వెళ్ళేదాకా పాతగుడ్డే. ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలుగుడ్డ, అదీ పిల్లలు చల్లగా పెరిగిన ఇంటిదైతే మంచిదంటారు. బట్టల కొట్టువాళ్ళ ఇంట్లో అదొక్కటే లేదు.

"అమ్మవి పాత నూలు చీరలు రెండు పంపు మేయ్. ఆస్పత్రి సంచి సర్దతా ఉండా."

"అత్త పాత చీరలన్నీ పోయినేడు మీరే ఎత్తకపోయి స్టీలు సామాన్లామెకి ఏసి బిందె తీసుకున్నారు గదా వదినా."

పాతచీరలిచ్చి బిందె తీసుకుంటే అది వ్యాపారం కాదు, నేను చేస్తేనే వ్యాపారం. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగాను.

"ఇంకేం లేవా?" అంది.

"ఉండాయి. నా సామాన్లో ఉండాయి."

"సరి, తమ్ముడి చేతికిచ్చి పంపు."

"పంపను వదినా. మీరొచ్చి తీసుకపోండి."

పుట్టబోయే బిడ్డ విషయంలో పంతమేమిటని ఎవరైనా అనుకుంటే అనుకోండి. కాన్పుకు ఇంకా మూడు వారాలుంది, అది చూసుకునే అన్నాను. మా ఆయన రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం వీధిలో ఆటో ఆగింది.

ఆ రోజు వరండాలో ఐదు తొట్టిళ్ళున్నాయి. ఒక్కటి కూడా జరపలేదు. వదిన గుమ్మం ముందు ఒక్క నిమిషం నిలబడి, కుచ్చిళ్ళు పైకెత్తి పట్టుకుని వాటి మధ్యలోంచి లోపలికి వచ్చింది. అత్త ఏదీ పట్టుకోకుండానే కుర్చీలోంచి లేచింది.

మూట తెచ్చి ముందు పెట్టాను. ఒక ఇనుప తొట్టిల్ కొన్నప్పుడు దానితో పాటే ఇచ్చిన పాత పంచె ముక్కలవి. ఎక్కడివో చెప్పకుండా ఇచ్చేస్తే అందరికీ సుఖం, ఆ ఆలోచన నాకూ వచ్చింది. అలా చేస్తే బాగున్న వైపు ఎండలో పెట్టేవాళ్ళలో నేనూ చేరినట్టే.

"ముందే చెప్తా ఉండా వదినా. ఇవి రాయపురం నించి వచ్చినాయి. చేపలమ్మే వాళ్ళిల్లు. నలుగురు బిడ్డలు పెరిగినారు. ఇదిగో, ఈ అంచు కాడ చిరుగుంది. రెండు మాట్లు ఉడకేసి ఉతికినా."

వదిన చెయ్యి చాపలేదు. "ఎవురో ఏమో..." అంది.

అప్పుడు అత్త నోరు విప్పింది.

"నువ్వు పుట్టినప్పుడు నా కాడ గుడ్డపేలిక లేదు మే. ఆస్పత్రిలో పక్క మంచం ఆమె తన బిడ్డకని తెచ్చుకున్న ఆళ్ళాయన పంచె చించి ఇచ్చింది. దాంట్లోనే నిన్ను ఇంటికి తెచ్చినా. ఆమెది యా ఊరో, ఎవురో. ఆ బిడ్డ ఉండాడో లేడో గూడా నాకు తెలీదు. నువ్వు ఉండావు గదా."

వదిన అన్న మాటను ఇన్ని నెలలూ అత్త అలాగే దాచుకుంది. దాన్ని ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి ఇచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది, వదిన చూడకుండా వంటింట్లోకి పోయి కాఫీ పెట్టాను.

తిరిగి వచ్చేసరికి వదిన గుడ్డ అంచు బొటనవేలితో నలిపి చూస్తోంది, కొట్లో రకం చూసినట్టు. "చిరుగు కాడ మడిచి కుట్టుకుంటా" అంది. నాకు క్షమాపణ ఏమీ చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. శుక్రవారం వస్తానని అమ్మతో చెప్పి వెళ్ళింది, వచ్చింది కూడా.

బిడ్డ పుట్టాక ఆ రాయపురం తొట్టిల్‌ను అమ్మకానికి పెట్టాను. మొదటి ఫోటో కుడికాలు దగ్గర తుప్పుది. కింద రాశాను: "కాలికి తుప్పు ఉంది. నలుగురు పిల్లలు పెరిగిన తొట్టిల్. దీని గుడ్డల్లో ఐదో బిడ్డ ఇప్పుడు పురసవాక్కంలో ఒక బట్టల కొట్టువాళ్ళ ఇంట్లో పడుకుని ఉంది." చివరి వాక్యం తీసెయ్యమన్నాడు మా ఆయన. తియ్యలేదు.