మావయ్య మెడ కొలత

మా పిన్ని మగవాళ్ళకు కోట్లు కుట్టేది. ఆడవాళ్ళ బట్టలు ఎందుకు కుట్టవని ఎవరైనా అడిగితే, "ఆడవాళ్ళకి ఏం కావాలో వాళ్ళకే తెలుసు. మగవాళ్ళకి అద్దంలో ఏం కనపడాలో నేను చెప్పాలి" అనేది. మార్కెట్ వెనక వీధిలో, మెట్ల కింద గది ఆమె దుకాణం. ఒక మిషను, నిలువుటద్దం, బరువైన ఇస్త్రీపెట్టె, అట్ట చిరిగిన కొలతల పుస్తకం. అమ్మ పోయాక నేను ఆ గది మీది ఇంట్లో, ఆమె చేతుల్లోనే పెరిగాను. వీధంతా ఆమెను కత్తెరమ్మ అనేది. పోయిన నెల వరకూ అన్నది.

బాబాయ్ రేవులో తూకం గుమాస్తా. తూకానికి ఎక్కని పెట్టెను గేటు దాటనిచ్చేవాడు కాదు. ఆ రేవును ఏలే ముఠా నాయకుణ్ణి చిన్నా పెద్దా అందరూ మావయ్య అని పిలిచేవారు. ఆయన మనుషులు బాబాయ్‌ని రెండుసార్లు బతిమాలారు, ఒకసారి బెదిరించారు. ఒక చలికాలపు ఉదయం బాబాయ్ కాలవలో తేలాడు. కాలు జారి పడ్డాడని పోలీసులు రాసుకున్నారు. ఒంటి మీద ఉండాల్సిన, పిన్ని కుట్టిన బూడిదరంగు కోటు లేదు. కోటు విప్పి పెట్టుకుని మరీ కాలు జారేవాడు ఉంటాడా అని పిన్ని అడిగింది. స్టేషన్లో ఎవరూ తలెత్తలేదు.

నాలుగు నెలల తర్వాత ఆ కోటు తనంతట తానే ఇంటికి వచ్చింది.

దాన్ని చంకలో పెట్టుకొచ్చినవాడు మావయ్య బావమరిది. చేతులు కాస్త పొడుగు చేయమన్నాడు. బాబాయ్ రేవులో ఇంటి సంగతులు ఎత్తేవాడు కాదు, అందుకని ఆయన భార్య ఎవరో, ఏం చేస్తుందో ఆ ముఠాలో ఎవరికీ తెలియదు. పిన్ని కోట్లకు పేరు పట్టీ కూడా కుట్టేది కాదు. పైగా మావయ్యకు మంచి గుడ్డ పారేయడమంటే ప్రాణం పోయినంత పని.

పిన్ని ఆ కోటు ఎడమ భుజం కింద చెయ్యి పెట్టి చూసింది. బాబాయ్‌కి ఎడమ భుజం అంగుళం కిందికి ఉండేది. అది కనపడకుండా ఆ వైపు ఆమె దూది రెట్టింపు వేసింది. దూది అలాగే ఉంది. వారం తర్వాత రమ్మని అతనికి చీటీ రాసిచ్చి, పైకొచ్చి రెండు చెంబుల నీళ్ళు తాగింది. ఏడుస్తుందేమోనని నేను కాచుకుని కూర్చున్నాను. ఏడవలేదు.

అప్పటికి స్టేషనుకు కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పిన్ని వెళ్ళి అతనికి కోటు సంగతి చెప్పింది. కోటొక్కటీ సాక్ష్యం కాదనీ, పాతబట్టల అంగట్లో కొన్నామంటే అయిపోతుందనీ చెప్పాడు. ముఠాలోకి తాను పంపిన ఇద్దరినీ వారం తిరక్కుండా పసిగట్టేశారట. అతనేం అడగబోతున్నాడో పిన్నికి ముందే అర్థమైంది. తనకొక్కటే కావాలంది. దొంగ సరుకు కేసు కాదు. చంపానని మావయ్య తన నోటితో తాను చెప్పాలి.

చేతులు పొడుగు చేసి ఇచ్చింది. ఎడమ భుజం దూదిని మాత్రం ముట్టుకోలేదు. పనితనం చూసి మావయ్య తనే దిగివచ్చాడు. మనిషి ఏనుగు గున్న. మెడ పదిహేడున్నర అంగుళాలు. అద్దం ముందు నిలబడితే కదిలేవాడు కాదు. ఆయనకు పిన్ని నల్ల కోటు కుట్టింది. దాని భుజం దూదిలో ఇన్‌స్పెక్టర్ ఇచ్చిన మాటలు పట్టే యంత్రం పెట్టింది. బొటనవేలి గోరంత ఉంటుంది, ఎనిమిది రోజులు పనిచేస్తుంది. ఈ గుడ్డ మీద వేరే చేతి ఇస్త్రీ పడితే మెరుపు పోతుందని ఆయనకు చెప్పింది. అంతే, ప్రతి సోమవారం కోటు దానంతట అదే నడిచొచ్చేది.

ఇన్‌స్పెక్టర్ ప్యాంటు కుట్టించుకునే నెపంతో వచ్చి యంత్రం మార్చుకుపోయేవాడు. ఆ ఏడాది పాపం అతనికి పదకొండు ప్యాంట్లయ్యాయి.

ఒకసారి మావయ్య భుజం తడుముకుని, ఇక్కడేదో గట్టిగా తగులుతోందేమిటన్నాడు. మెట్ల మీదున్న నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిన్ని చేతిలో సుద్ద ఆగలేదు.

"లోపల వేసిన గట్టి కాన్వాసు, మావయ్యగారూ. తీసేయమంటే తీసేస్తా. అప్పుడు భుజాలు జారి వయసు కనపడుతుంది."

ఆయన తీయనివ్వలేదు.

ఆర్నెల్లలో ముఠా గుట్టు సగం బయటపడింది. ఇది చాలు, పట్టేద్దామన్నాడు ఇన్‌స్పెక్టర్. పిన్ని ఒప్పుకోలేదు. వారం వారం వాడి గుండీలు కుడుతూ నీకెలా అన్నం దిగుతోందని అడిగాను. "బాగా దిగుతోంది. బలం కావాలిగా" అంది.

మళ్ళీ చలికాలం వచ్చింది. ఆమె కాచుకున్న ఫిర్యాదూ వచ్చింది. బావమరిది తన పక్కన ఒక భుజం ఎత్తుగా, వంకరగా నిలబడుతున్నాడని మావయ్య అతన్ని బూడిదరంగు కోటుతో సహా లాక్కొచ్చాడు. నల్ల కోటు ఆయన ఒంటి మీదే ఉంది. పిన్ని గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని కోటు చుట్టూ తిరిగింది. తర్వాత సూదులు తీసి చేతిలో పట్టుకుంది.

"ఇది ఎవరికో కుట్టిన కోటు. ఆ మనిషి ఎలా నిలబడేవాడో తెలిస్తేగానీ సరిచేయలేను."

"నిటారుగా నిలబడేవాడు. అదే వాడి జబ్బు" అన్నాడు మావయ్య. "రేవులో తూకం గుమాస్తా."

"కాస్త వంగమని చెప్పలేకపోయారా?"

ఆయన కడుపు కదిలేలా నవ్వాడు. "మూడుసార్లు చెప్పించా. నాలుగోసారి నేనే వెళ్ళా. నీళ్ళలోకి తోసేముందు కోటు విప్పించా. మంచి గుడ్డ కదా, కత్తెరమ్మా, తడిసి పాడైపోదూ?"

బావమరిది నేల చూశాడు. పిన్ని సూదులు మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకుంది. చేతులు పైకెత్తమని అతనికి సైగ చేసింది. వాళ్ళు వెళ్ళాక చూస్తే పిన్ని కింది పెదవి మీద రక్తం చుక్క ఉంది.

సోమవారం మావయ్య ఇస్త్రీకి వచ్చేసరికి దుకాణంలో పోలీసులున్నారు. పిన్ని నల్ల కోటు విప్పించింది. ఆయన కళ్ళ ముందే భుజం కుట్లు కోసి యంత్రం బయటికి తీసింది. ఆయన దాన్ని కాదు, ఆమెను చూశాడు.

"ఎవరే నువ్వు?"

"గుమాస్తా పెళ్ళాన్ని. మంచి గుడ్డ కదా, మావయ్యగారూ, అందుకే ముందు విప్పించా."

బావమరిది కోర్టులో అన్నీ ఒప్పేసుకున్నాడు. మావయ్యకు యావజ్జీవం పడింది. ఉరి పడనందుకు నేను గొణిగితే పిన్ని నా వంక విచిత్రంగా చూసింది. "ఉరైతే ఆ మెడ ఒక్కసారే కొలుస్తారు" అంది.

ఆ తర్వాత ఏటా బాబాయ్ పోయిన రోజున జైలుకు వెళ్ళేది. మొదటిసారి వచ్చిందెవరో తెలియక మావయ్య ఇనపజాలీ దగ్గరికి వచ్చాడు. తర్వాతి ఏళ్ళలో, చూడ్డానికి ఇంకెవరూ రావడం మానేశారు గనక వచ్చాడు. టేపు లోపలికి రానివ్వరు. పిన్నికి టేపుతో పనేముంది. జాలీ ఇవతల కూర్చుని, జైలు చొక్కా మెడ ఎంత వదులయిందో చూసి, "ఈసారి పావంగుళం తగ్గారు" అని చెప్పి లేచి వచ్చేది. కొలతల పుస్తకంలో ఆయన పేజీ ఆఖరు దాకా నిండింది. పదిహేడున్నర, పదిహేడుంబావు, పదిహేడు. చివరిది పద్నాలుగు.

పోయేముందు ఆ పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. మావయ్య పేజీ తెరిచే ఉంది.

బాబాయ్ పోయిన తేదీ వచ్చింది, వెళ్ళాను. మావయ్య గోడ పట్టుకుని వచ్చి కూర్చున్నాడు. నా వెనక తలుపు వైపు చూశాడు.

"కత్తెరమ్మ రాలేదే?"

పోయిందని చెప్పాను. ఆయన భుజాలు దిగాయి, ఇక ఏటా ఈ కొలత తప్పిందన్నట్టు హాయిగా ఊపిరి వదిలాడు. లేవబోయాడు.

"కూర్చోండి, మావయ్యగారూ" అన్నాను. "గుండీ పెట్టుకోండి. మెడ కొలత కనపడట్లేదు."