బాబాయ్ వెతికి తెచ్చిన కంపైలర్

మా బాబాయ్‌ని ఫ్యాక్టరీలో అందరూ పొదుపు బాబాయ్ అంటారు. ఇంట్లో పిన్ని ఏమంటుందో ఇక్కడ రాయలేను. ఆయన పొదుపంతా జాగాలోనూ కరెంటులోనూ. ఆయన ప్రోగ్రాములు రాసే చిప్పు గోరంత ఉంటుంది. దాని మెమరీలో నేను చెప్పబోయే ఈ సంగతి సగం కూడా పట్టదు. రెండు పెన్సిల్ బ్యాటరీల మీద అది ఐదేళ్లు బతకాలి. అందుకని ఎప్పుడూ నిద్రలోనే ఉంటుంది. అర నిమిషానికోసారి లేచి, గాలి ఎలా ఉందో చూసి, మళ్లీ పడుకుంటుంది. "అచ్చం మీ బాబాయే," అనేది పిన్ని.

మేం తయారుచేసేది గోడకు తగిలించే గ్యాస్ అలారం. గది తలుపులు బిగించి గ్యాస్ హీటర్ పెట్టుకుంటే ఒక్కోసారి విషపు గాలి వస్తుంది. దానికి రంగుండదు, వాసనుండదు. ముందు తలనొప్పి, తర్వాత మత్తు, ఆ తర్వాత నిద్ర. ఆ నిద్రలోంచి మనిషిని లేపేది అలారమే. తయారైన అలారాల్ని పరీక్షించి సంతకం పెట్టేది నేను. ఇందులో నా పాపం కూడా ఉంది కాబట్టి ముందే చెబుతున్నాను.

మనిషి రాసిన ప్రోగ్రామును చిప్పుకు అర్థమయ్యే అంకెల్లోకి మార్చేది కంపైలర్. మా చిప్పుకు పనికొచ్చే కంపైలర్ పందొమ్మిదేళ్లుగా ఒకే ఒక పాత కంప్యూటర్లో ఉండేది. కంప్యూటర్ వెనక, కంపెనీవాళ్లిచ్చిన వేలెడంత ఎలక్ట్రానిక్ తాళం గుచ్చితేనే అది పలికేది. ఈ చలికాలం ముందు ఆ తాళం చచ్చిపోయింది. అదే వారం చిప్పులు పంపేవాళ్లు కొంచెం మార్చిన రకం పంపారు. ప్రోగ్రాములో రెండంటే రెండు అంకెలు మార్చాలి. కంపైలర్ లేకుండా ఒక్కటి కూడా మార్చలేం.

బాబాయ్ వేట మొదలైంది. కంపైలర్ అమ్మిన కంపెనీని ఇంకో కంపెనీ మింగింది, దాన్ని మరొకటి మింగింది. ఫోన్ చేస్తే ముప్పావు గంట సంగీతం వినిపించి, "అలాంటిది మేం ఎప్పుడూ అమ్మలేదండీ," అన్నారు. రిటైరైన ఇంజినీరు ఒకాయన అటక మీది డిస్కు దులిపి పంపాడు. తీరా చూస్తే అది మా చిప్పుకు అన్న వరసయ్యే పెద్ద చిప్పుది. నెలరోజులు ఉచితమంటూ ఇంకొకటి దొరికింది, ప్రోగ్రాము సగం కాగానే మొరాయించింది. మేనేజరు గారు రోజుకు మూడుసార్లు వచ్చి బాబాయ్ కుర్చీ వెనక నిలబడి గొంతు సవరించుకునేవారు. అలారాలు అమ్ముడయ్యేది చలి మొదలైన రెండు నెలలే మరి.

చివరికి దొరికింది. ఎవరో సరదా కొద్దీ రాసి ఇంటర్నెట్లో ఊరికే పెట్టిన కంపైలర్. మా ప్రోగ్రాములో ఒక్క తప్పు పట్టలేదు. పైగా పాతదానికంటే చిన్నగా, కరెంటు ఇంకా తక్కువ తాగేలా చేసిచ్చింది. మేనేజరు గారి మొహం చేటంత అయింది. నేను గాజుపెట్టెలో గ్యాస్ వదిలి ఒక్కో అలారాన్నీ పరీక్షించాను. అన్నీ చెవులు చిల్లులు పడేలా అరిచాయి. సంతకం పెట్టేశాను. పన్నెండు వందల అలారాలు లారీ ఎక్కాయి.

బాబాయ్ మొహంలో మాత్రం కళ లేదు.

"ఏంటి బాబాయ్, అందరికీ స్వీట్లు పంచకుండా అలా కూర్చున్నావు?"

"ప్రోగ్రాము నలభై బైట్లు తగ్గిందమ్మా."

"తగ్గితే మంచిదేగా! నీ పేరే పొదుపు."

"పందొమ్మిదేళ్లు గీకి గీకి చూశాను. తీసేయడానికి అందులో ఏమీ మిగల్లేదు. మరి ఇదేం తీసేసింది?"

నాకు చిర్రెత్తుకొచ్చింది. దొరక్కపోతే ఒక ఏడుపు, దొరికితే ఇంకో ఏడుపు అనుకున్నాను. ఆయన మాత్రం ఆ అంకెలన్నీ కాగితాల మీద అచ్చుతీసి, స్కేలు పెట్టుకుని వరసవరసా చదవసాగాడు. మధ్యాహ్నం భోజనం డబ్బా మూత తీసేవాడు కాదు. ఒకరోజు పిన్ని ఫోన్ చేసింది. "మీ బాబాయ్‌కి ఏమైందే? బకెట్ నిండి పొర్లిపోతుంటే చూస్తూ నిలబడ్డాడు," అంది. నవ్వబోయి ఆగాను.

తొమ్మిదో రోజు పొద్దున ఆయన నా బల్ల దగ్గరికొచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"ఆగమన్న చోట ఆగట్లేదమ్మా."

సంగతేమిటంటే, అలారంలోని సెన్సర్ వేడెక్కితే గానీ గ్యాస్‌ని పసిగట్టలేదు. అందుకే చిప్పు లేవగానే సెన్సర్‌కు వేడి అందించి, ఊరికే కొన్ని వేల అంకెలు లెక్కపెట్టి, ఆ తర్వాతే గాలిని చూడాలని బాబాయ్ పందొమ్మిదేళ్ల కింద రాశాడు. ఆ లెక్కతో వేరే పనేమీ లేదు, కాలం గడవడమే దాని పని. పాత కంపైలర్ మొద్దు, చెప్పింది చెప్పినట్టు చేసేది. కొత్తది తెలివైనది. ఎందుకూ కొరగాని లెక్క అనుకుని మొత్తం కొట్టిపారేసింది. దీన్ని ముట్టుకోవద్దని కంపైలర్‌కు చెప్పడానికి ఒక మాట ఉంటుంది. అది రాయడం ఆయన ఆనాడు మర్చిపోయాడు. ఇన్నేళ్లూ ఆ మొద్దే ఆయన తప్పును కాచుకొచ్చింది. ఇప్పుడు చిప్పు లేచి, చల్లగా ఉన్న సెన్సర్‌ను అడిగి, గాలి బాగానే ఉందనుకుని పడుకుంటోంది.

"మరి నా దగ్గర అన్నీ అరిచాయిగా!" అన్నాను.

"టెస్ట్ బటన్ నొక్కిపెట్టి చూశావా?"

నొక్కిపెట్టే చూశాను. ఎప్పుడూ అంతే. ఒక్కోదానికి అర నిమిషం ఎవరాగుతారు? బటన్ నొక్కితే చిప్పు క్షణానికోసారి చూస్తుంది, పని త్వరగా తెములుతుంది. అలా గుక్క తిప్పుకోకుండా చూస్తూంటే సెన్సర్ చల్లారేదెప్పుడు? నా తొందరే నా చేత సంతకం పెట్టించింది.

బటన్ ముట్టుకోకుండా ఒక అలారాన్ని గాజుపెట్టెలో పెట్టి, మనిషిని చంపేంత గ్యాస్ వదిలాం. మేనేజరు గారు, బాబాయ్, నేను గంటసేపు నిలబడి చూశాం. ఆకుపచ్చ దీపం మిణుకుమిణుకుమంటూనే ఉంది. మేనేజరు గారు ఈసారి గొంతు సవరించుకోలేదు.

షాపులన్నింటికీ ఫోన్లు చేశాం, రేడియోలో చెప్పించాం. చాలావరకు అట్టపెట్టెలు విప్పనే లేదు. ఆరు తప్ప అన్నీ వెనక్కొచ్చాయి. ఆ ఆరూ ఒకే హార్డ్‌వేర్ షాపులో అమ్ముడయ్యాయి. షాపాయన గుర్తున్నంతవరకు చెప్పాడు. నీలం గేటు ఇల్లన్నాడు, బట్టలు కుట్టే ఆవిడన్నాడు. బాబాయ్, నేను ఆ పేటంతా కాళ్లరిగేలా తిరిగాం. రెండు రోజుల్లో నాలుగు దొరికాయి. తలుపు తట్టాక లోపల అడుగుల చప్పుడు వినిపించేదాకా బాబాయ్ ఊపిరి బిగబట్టేవాడు. నాకు ఆయన మొహం చూడాలంటేనే భయమేసేది.

ఐదో ఇంటి దగ్గర తలుపు తట్టబోతుంటే ఒక పెద్దావిడ కూరల సంచితో వచ్చి తాళం తీసింది. అలారం అనగానే ఆవిడ మొహం విప్పారింది.

"మీరు చేసిందేనా బాబూ? చల్లగా ఉండండి! పాతది వారానికోసారి గుక్కపట్టి ఏడ్చేది. చెడిపోయిందని పీకి పారేశాం. ఇది వచ్చాక ఒక్కసారి కిక్కురుమంటే ఒట్టు."

బాబాయ్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఇంట్లో ఎవరైనా ఉన్నారామ్మా?"

"మా ఆయన ఉన్నారు. పొద్దున తలనొప్పిగా ఉందని హీటర్ పెట్టుకుని పడుకున్నారు. కాస్త మెల్లిగా మాట్లాడండి, లేస్తారు."

బాబాయ్ ఆవిణ్ణి పక్కకు తోసి లోపలికి దూకాడు. జన్మలో ఎవరి మీదా చెయ్యి చేసుకోని మనిషి. కిటికీ అద్దం పగిలిన చప్పుడూ, ఆవిడ కేకా ఒక్కసారే వినిపించాయి. ఆ పెద్దాయన్ని చంకల కింద పట్టుకుని ఇద్దరం మెట్ల దాకా ఈడ్చుకొచ్చాం. ఆయన బుగ్గలు ఎర్రగా ఉన్నాయి, హాయిగా నిద్రపోతున్నట్టే ఉన్నాడు. అంబులెన్స్ వచ్చేదాకా బాబాయ్ ఆయన ఛాతీ నొక్కుతూనే ఉన్నాడు. వాళ్లొచ్చి చూసి, ఇక చాలని బాబాయ్ చేతులు పట్టుకుని పక్కకు తీశారు.

ఆవిడ ఇంకా కూరల సంచి కింద పెట్టలేదు. "మరి అది అరవలేదేంటమ్మా?" అని నన్నే అడిగింది.



"దాన్ని పరీక్ష చేసింది నేనేనమ్మా," అన్నాను. "బాగుందని సంతకం పెట్టాను."

ఆరోది ఎవరు కొన్నారో షాపాయనకు ఇప్పటికీ గుర్తు రాలేదు. చలి ఇంకా నెల రోజులుంది.