బుఖారీ మీద చిప్పు

హెలికాప్టరు దిగేసరికి ఉదయం తొమ్మిదిన్నర. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. ఎండ కాస్తోంది. థర్మామీటరు మాత్రం మైనస్ పద్దెనిమిది చూపిస్తోంది. పైలట్ ఇంజను ఆపలేదు. నేను, నా సంచి, రక్తం ప్యాకెట్ల పెట్టె, ఉత్తరాల మూట మంచు మీద దిగాం. ఆ చోటు పేరు రాయకూడదు కాబట్టి రాయను.

నేను సైన్యంలో నర్సింగ్ అధికారిని. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆరు పడకల ఆసుపత్రిని, ఒక ఆపరేషన్ గదిని నాకు అప్పగించారు. మా తిరువూరు వాళ్లకు చలి అంటే డిసెంబరులో తెల్లవారుజామున వెతుక్కునే దుప్పటి. అక్కడి చలి గురించి ఒక్క మాట చెబుతాను. బాల్‌పెన్ను బయట రాయదు. లోపలికి తెచ్చి పొయ్యి దగ్గర పెడితే రాస్తుంది. వచ్చిన రోజే స్టోరు మనిషి నా చేతిలో రెండు పెన్సిళ్లు పెట్టాడు.

ఆ పొయ్యిని బుఖారీ అంటారు. కిరోసిన్‌తో మండే ఇనుప డబ్బా, పైన మందపాటి పలక. క్యాంపులో ఏ మరమ్మతైనా దాని పక్కనే. వేరేచోట వేళ్లు స్క్రూ పట్టుకోలేవు.

ఆపరేషన్ గదిలో మాత్రం బుఖారీ ఉండదు. ఆక్సిజన్ సిలిండర్లున్నచోట నిప్పు పెట్టరు. ఒక కరెంటు హీటరు బల్ల చుట్టూ కాస్త వెచ్చదనం ఇస్తుంది. గది సగం భూమిలో, పైన ఇసుక బస్తాలు, కిటికీ లేదు. మధ్యాహ్నం పూట కూడా లైటు లేకపోతే చీకటే.

ఆ లైటు ఎల్‌ఈడీది. దానికి కరెంటును సరిపడా కొలిచి పంపే బోర్డు కొండవైపు గోడకు బిగించిన పెట్టెలో ఉంటుంది. బోర్డు మీద మూడు డ్రైవర్ చిప్పులు. ఒక్కొక్కటి మూడో వంతు దీపాలను వెలిగిస్తుంది. నేను వెళ్లిన రెండో వారంలో రెండు చిప్పులు పనిచేయడం మానేశాయి.

మరమ్మతులు చూసే హవల్దారుది మా తిరువూరు దగ్గరే, నెమలి అనే పల్లె. నా మాట వినగానే పట్టేశాడు.

"మేడమ్, మీది తిరువూరు వైపేనా?"

"తిరువూరే. నువ్వు ఇంత దూరం వచ్చి లైట్లు బాగుచేస్తున్నావా?"

"మా ఊళ్లో మోటార్లు బాగుచేసేవాణ్ణండి. ఇక్కడ మోటార్లు లేవుగా."

కొత్త చిప్పులు రెండే ఉన్నాయి. బుఖారీ పక్కన కూర్చుని రెండూ అతికించాడు. అక్కడే మూడు చిన్న పరీక్ష దీపాలు తగిలించి కరెంటు ఇచ్చి చూశాడు. అన్నీ వెలిగాయి. బోర్డును గోడ పెట్టెలో బిగించాడు. కాసేపు వెలిగి, ఆ రెండు భాగాలే మళ్లీ ఆరిపోయాయి. విప్పి బుఖారీ దగ్గరకు తెస్తే వెలిగాయి. చిప్పుల లోహపు కాళ్లన్నీ మళ్లీ అతికించాడు. గోడ మీద మళ్లీ ఆరిపోయాయి.

"దీనికి దిష్టి తగిలిందండి. నేను చూసినంతసేపు బాగానే ఉంటోంది."

ఆ మాటకు నవ్వుకునేలోపే వైర్‌లెస్ మనిషి పరుగెత్తుకొచ్చాడు. సమయం పదకొండు నలభై. రేషన్ లారీ మలుపులో జారి పడింది. డ్రైవర్ కడుపు ఉబ్బుతోంది. స్ట్రెచర్ మీద తెస్తున్నారు. మబ్బు దిగింది కాబట్టి హెలికాప్టరు రాదు.

కందకంలో నిలబడి సందేశం మీద సంతకం పెట్టబోయాను. అతనిచ్చిన పెన్ను రాయలేదు. పెన్సిల్ తీస్తూ ఆగిపోయాను. ఆ పెన్ను లోపల, వెచ్చగా ఉన్న అతని బల్ల దగ్గర రాసిందే.

హవల్దారు దగ్గరికి వెళ్లాను. "బోర్డుకి కరెంటు వైర్లు, పరీక్ష దీపాలు కట్టి మంచులో పెట్టు."

"మంచులోనా? ఉన్నది ఇదొక్కటేనండి."

"దాన్ని నువ్వెప్పుడూ వెచ్చగా ఉన్నప్పుడే చూస్తున్నావు. గోడ మీద అది చల్లబడుతోంది."

ప్లాస్టిక్ ట్రేలో పెట్టి వాకిట్లో మంచు మీద ఉంచాం. కొద్ది నిమిషాలకు రెండు దీపాలు ఆరిపోయాయి. నేను రబ్బరు గ్లవ్ వేలిలో వేడినీళ్లు పోసి ముడివేశాను. దానితో బోర్డు మీది ఒక్కో విడిభాగాన్నీ తాకుతూ వచ్చాను.

"మిర్చి కొట్లో కాయ నొక్కి చూసినట్టు చూస్తున్నారండి," అన్నాడు. గొంతులో మాత్రం నవ్వు లేదు.

తీగచుట్ట దగ్గర ఏమీ లేదు. కెపాసిటర్ దగ్గరా లేదు. మొదటి చిప్పును తాకగానే దాని దీపం వెలిగింది. వేలు తీస్తే ఆరింది. రెండోదీ అంతే.

హవల్దారు నెత్తి మీద కొట్టుకున్నాడు. "కాళ్లే అతికించానండి. దీనికి పొట్ట కింద కూడా రేకు ఉంటుంది, అదీ బోర్డుకి అంటాలి. అక్కడికి నా సోల్డరింగ్ ఐరన్ వెళ్లదు. వేడిలో ఆనుకుంటోంది, చలికి ఎడమవుతోంది."

"కింద నుంచి కాలిస్తే?"

అతను బుఖారీ పలకను చూశాడు. నేనూ చూశాను. వేడి ఎక్కువైతే బోర్డు మాడిపోతుంది. అప్పుడు ఉన్న మూడో వంతు వెలుగు కూడా ఉండదు.

అప్పటికి డ్రైవర్‌ను తెచ్చారు. ముఖం సున్నం కొట్టినట్టుంది. "లారీ ఎలా ఉంది?" అని నన్నే అడిగాడు. నీకంటే బాగుందన్నాను. నవ్వబోయి మూలిగాడు. మా సర్జన్ అతని కడుపు తడిమి, ప్లీహం చితికిందన్నాడు. బీపీ పడిపోతోంది.

"నాకు లైటు ఎంత ఇస్తారు మేడమ్?"

"ఇప్పుడైతే మూడో వంతు. ఆగితే మొత్తం. లేదా అసలు ఉండదు."

"మూడో వంతుతో నా చెయ్యి నీడ నాకే అడ్డం. మీ నిర్ణయం. నేను మాత్రం ఆగలేను."

పలక మీద పెట్టమన్నాను.

హవల్దారు బోర్డు అంచున చిన్న సోల్డర్ ముక్క, అంటే చిప్పుల్ని అతికించే లోహం, ఉంచాడు. అది కరిగితే చిప్పు కింద మిగిలిన పాత సోల్డరూ కరిగినట్టే. ఇద్దరం వంగి చూశాం. ముక్క బూడిద రంగులోనే ఉంది. బోర్డు నుంచి కమురు వాసన మొదలైంది.

"మాడుతోందండి."

"ముక్క చూడు."

ముక్క ఒక్కసారిగా మెరిసి గుండ్రంగా అయింది. కాస్త వంకరగా ఉన్న చిప్పు, ఎవరూ తాకకుండానే కదిలి, నీటిమీద పడవలా తన చోట సర్దుకుంది. రెండోదీ సర్దుకుంది. పటకారుతో బోర్డు తీసి చెక్క మీద పెట్టాడు.

లోపలి నుంచి సర్జన్ కేక వేశాడు, కడుపు తెరుస్తున్నానని. నేను వెళ్లాలి.

"చల్లారాక మంచులో పెట్టి చూడు. అక్కడ వెలిగితేనే తీసుకురా."

"డాక్టరుగారు అరుస్తారండి."

"నా మీద అరవనీ."

ఇద్దరు జవాన్లు టార్చీలు పట్టుకున్నారు. ఆ వెలుగులో కడుపు నిండా నలుపే. ఎక్కణ్ణించి కారుతోందో తెలియడం లేదు. సర్జన్ చెయ్యి ఆ నలుపులోకి వెళ్లింది. "లైటు," అన్నాడు. మళ్లీ "లైటు," అన్నాడు. నేను గుడ్డలు అందిస్తూనే ఉన్నాను, గుడ్డలు నల్లగా బయటికి వస్తూనే ఉన్నాయి. తలుపు వైపు చూడలేదు నేను. వెనక గోడ దగ్గర స్క్రూలు తిరుగుతున్న చప్పుడు మాత్రం విన్నాను.

లైటు మొత్తం వెలిగింది. ఆరలేదు. సర్జన్ వేళ్లు నేరుగా రక్తనాళం దగ్గరకు వెళ్లి దాన్ని పట్టుకున్నాయి.

మబ్బు విడిచిన రోజు డ్రైవర్‌ను హెలికాప్టరులోకి ఎక్కించాం. లారీ సంగతి మళ్లీ అడిగాడు. మేలో నేనూ దిగి వచ్చాను. విజయవాడ నుంచి తిరువూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, ఆ వడగాలి కూడా హాయిగానే అనిపించింది.

రిటైరయ్యాక ఇక్కడే ఉంటున్నాను. సాయంత్రాలు తమ్ముడి బట్టలకొట్లో కూర్చుంటాను. కరెంటు పోతే, బేరం మధ్యలో ఉన్న చీరలన్నీ ఒకే రంగులోకి వెళ్లిపోతాయి. "ఒక్క నిమిషమక్కా, వచ్చేస్తుంది," అంటాడు తమ్ముడు. నా కళ్లముందు ఆ తెరిచిన కడుపు ఉంటుంది. నల్లగా ఉన్నదంతా ఒక్క క్షణంలో ఎర్రగా మారడం ఉంటుంది.