మెట్టకూరులో దిగిన ఆటగాడు

నిరుడు రాజమండ్రి నుంచి యానాం వెళ్లే బస్సులో నా పక్క సీట్లో ఇరవై రెండేళ్ల కుర్రాడు కూర్చున్నాడు. స్నూకర్ ఆటగాడట. ప్రొఫెషనల్‌గా మారి రెండేళ్లు ఇంగ్లండులో ఆడి, ఇంటికి వస్తున్నాడు.

"ఎలా ఆడావు బాబూ?" అన్నాను.

"దాదాపు అన్ని టోర్నీలూ మొదటి రౌండులోనే పోయేయండి. ఇంక ఆ టోర్నీల్లో నాకు చోటు లేదు. నాన్నకి చెప్తే వినడండి. ఇంగ్లండులో ఆడేడంటే గెలిచినట్టేనంటాడు. ఊళ్లో ఫ్లెక్సీ కూడా కట్టించేసేడు."

ఫోనులో ఆ ఫ్లెక్సీ ఫొటో చూపించాడు. 'ప్రపంచ విజేతకు స్వాగతం' అని రాసి ఉంది. ఓడిపోయానని చెప్పినా నమ్మని ఇల్లు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

అతను యానాంకి కాస్త ముందే, మెట్టకూరులో దిగిపోయాడు. "అడ్డదారిన ఇంటికి పోతానండి" అన్నాడు.

యానాంలో బస్సు ఆగేసరికి బ్యాండు మోగుతోంది. చేతిలో పూలదండతో ఒకాయన బస్సెక్కి, సీట్లన్నీ వెతికి, కంగారుగా నా దగ్గరకు వచ్చాడు.

"మా అబ్బాయి ఈ బస్సే ఎక్కేనని ఫోన్ చేసేడండి. ఏమైపోయేడో, మీరేవన్నా చూసేరా?"

ఆ ముఖం చూసి అబద్ధం ఆడలేకపోయాను. "మెట్టకూరులో దిగాడండి" అన్నాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "బ్యాండు మెట్టకూరు తిప్పండ్రా!" అని కేకేశాడు.