మా అత్త చెప్పిన మొదటి భాగం

సినిమాకు పోయేముందు అది ఎట్లుందో కనుక్కోవడం మా పుట్టింటి అలవాటు. రాయచోటిలో మా నాన్న మార్నింగ్ షో వదిలే వేళకు హాలు గేటుకు ఎదురుగా టీ తాగుతూ నిలబడేవాడు. బయటికొచ్చేవాళ్ల ముఖాలు చూసి, మమ్మల్ని మ్యాట్నీకి తీసుకుపోవాలో వద్దో తేల్చేవాడు. నేను అదే పని ఫోన్‌లో చేస్తాను. రివ్యూలు చదవనిదే చెప్పులు వేసుకోను.

ఆ గూఢచారి సినిమా రెండో భాగం విడుదలైన రోజు పొద్దున్నే దొరికినవన్నీ చదివేశాను. ఒకాయన అయిదుకు రెండు మార్కులు వేశాడు. ఇంకొకాయన రెండుంపావు. ఆ పావు ఎందుకిచ్చాడో ఎంత వెతికినా కనపడలేదు. ఫైట్లు ఎక్కువయ్యాయని ఒకరు, ఫైట్లు తప్ప ఏమీ లేదని ఒకరు. మొదటి భాగంలోని చురుకు ఇందులో లేదనీ, మధ్యలో సాగదీశారనీ దాదాపు అందరూ అన్నారు. అందరూ మెచ్చుకున్నది మాత్రం ఒక్కటే. సెకండాఫ్‌లో కళ్లు చెమర్చే సన్నివేశం ఒకటుందట. అదేమిటో చెప్పేస్తే చూసేవాళ్ల సరదా పోతుందని ఎవరూ విప్పలేదు.

మా కాపురం మైదుకూరులో. మా ఆయనకు ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలో పని. హాల్లో లైట్లు ఆర్పగానే నిద్రపోయే మనిషి. అందుకని సినిమాలకు నాకు తోడు మా అత్త, ఎదురింటి అక్క. అక్కావాళ్లది కిరాణా అంగడి. మా అత్త మా చర్చిలో సండే స్కూలు పిల్లలకు ఏళ్ల తరబడి కథలు చెప్పిన మనిషి. ఆమె కథ మొదలుపెడితే చంటిపిల్లలు కూడా కదలరు.

"అత్తా, సినిమా బాగలేదంట" అన్నాను.

"ఎవరన్న్యారు?"

"రివ్యూలు రాసేవాళ్లు."

"వాళ్లు యాడుంటారు?"

"హైదరాబాదులో."

"ఆడ బాగలేకపోతే ఈడ బాగుండగూడదా? పద మే."

మొదటి భాగం నేనూ చూడలేదు, అక్కా చూడలేదు. మా అత్త ఒక్కతే కర్నూలుకు వాళ్ల చెల్లెలి ఇంటికి పోయినప్పుడు చూసింది. కడప బస్సెక్కి కూర్చున్నాక మా ఇద్దరికీ ఆ కథ చెప్పడం మొదలుపెట్టింది.

హీరోకు తల్లీ తండ్రీ లేరు. గూఢచారి శాఖకు పెద్దయిన ఒక నెరిసిన గడ్డపాయన వాణ్ని ఇంటికి తెచ్చి పెంచాడు, చదివించాడు, తన శాఖలోనే పనిలో పెట్టుకున్నాడు. "కన్నకొడుకు మాదిరి సాకినాడు. కానీ లోపలంతా విషం. దేశం కాగితాలు తీసుకపోయి శత్రువుల చేతిలో పెట్టినాడు. నా కండ్లతో చూసినా" అని మా అత్త గొంతు తగ్గించింది. గొంతు తగ్గించిన కొద్దీ బస్సులో జనం మావైపు వంగారు. ఖాజీపేట దాటేసరికి ముందు సీటాయన పూర్తిగా వెనక్కి తిరిగిపోయాడు.

"మరి హీరోకి తెలిసిందా లేదా పెద్దమ్మా?" అని అడిగాడు.

"తెలీదు నాయనా. అందుకే గదా రెండో భాగం తీసింది."

హాల్లో ఆ గడ్డపాయన తెర మీదికి రాగానే జనం ఈలలు వేశారు. అక్క మాత్రం పళ్లు కొరికింది. "వచ్చినాడు చూడు, దొంగ సచ్చినోడు!"

ఇక అక్కణ్నుంచి మాకు ఊపిరి ఆడలేదు. ఆయన హీరోకు కాఫీ ఇస్తే అందులో ఏం కలిపాడోనని భయం. భుజం తట్టి జాగ్రత్త నాయనా అంటే, ఎంత నటన అని మంట. ఒకచోట ఆయన కిటికీ దగ్గర నిలబడి చాలాసేపు ఆలోచిస్తాడు. రివ్యూల వాళ్లు సాగదీశారన్నది బహుశా దాన్నే. మా ముందు వరుసలో ఒకాయన నోరంతా తెరిచి ఆవలించాడు. మేం ముగ్గురం మాత్రం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, వీడిప్పుడు ఎవరికి ఫోన్ చేస్తాడో అని చూస్తున్నాం. అంత మంచి సినిమాకు రెండు మార్కులేమిటని నాకు కోపం కూడా వచ్చింది.

చివరికి హీరో మీదికి వచ్చిన తూటాకు ఆ పెద్దాయన అడ్డం పోయాడు. హీరో ఒళ్లో తల పెట్టుకుని చనిపోయాడు. హాలంతా నిశ్శబ్దం. ఎవరో ముక్కు చీదుతున్నారు. ఆ నిశ్శబ్దంలో అక్క చప్పట్లు కొట్టింది.

"పీడ వదిలింది!"

ముందు వరుస ఆయన వెనక్కి తిరిగాడు. "ఏమ్మా, మీకు మనసనేది ఉండాదా?"

"నీకు మొదటి భాగం గుర్తుండాదా నాయనా?" అంది మా అత్త నింపాదిగా. ఆయన ఏమనుకున్నాడో, మళ్లీ తెరవైపు తిరిగాడు.

"కానీ పెద్దమ్మా, అంత దుర్మార్గుడు వానికోసం ఎందుకు సచ్చినాడు?" అని అక్క గుసగుసగా అడిగింది.

"కడాకు మారుమనసు పొందినాడు."

"పొందినా ఏం లాభంలే" అంది అక్క.

తిరుగు బస్సులో, ఇక సినిమా చూసేశాం గదా అని, కథంతా విప్పి రాసిన రివ్యూలు తెరిచాను. ఒక్కొక్కరూ ఆ పెద్దాయన చావు గురించి పేరాలు పేరాలు రాశారు. 'కన్నతండ్రిని మించిన నిజాయితీపరుడు' అని ఒకరు. ఆ సన్నివేశమే సినిమాను కాపాడిందని ఇంకొకరు. గట్టిగా చదివి వినిపించాను.

"వీళ్లెవరూ మొదటి భాగం చూసినట్లు లేదు. చూడకుండానే రాస్తాండారు" అని తేల్చేసింది మా అత్త.

నాకు మాత్రం ఇందులో ఏదో తిరకాసు ఉందనిపించింది. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిన్నాక, టీవీలో మొదటి భాగం పెట్టాను. మా అత్త వేయించిన శనక్కాయలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పెద్దాయన శత్రువు చేతికి కాగితాలు ఇచ్చే చోటు రాగానే లేచి నిలబడింది.

"ఇచ్చినాడా లేదా? చూడు మే!"

ఇచ్చాడు. ఆ తర్వాతి సన్నివేశంలోనే అవి దొంగ కాగితాలని, శత్రువును పట్టడానికి ఆయనే ప్రాణాలకు తెగించి పన్నిన ఎత్తని తెలిసింది. మా అత్త చేతిలోని శనక్కాయ నోటిదాకా పోకుండా ఆగిపోయింది.

"ఇది నేను చూడలేదే" అంది.

కాసేపటికి గుర్తొచ్చింది. కర్నూలులో సరిగ్గా ఆ వేళకే వాళ్ల వదిన ఫోన్ చేసింది. హాల్లో మాట్లాడకూడదని బయటికి పోయి, బర్రె ఈనిన సంగతంతా విని తిరిగొచ్చేసరికి తెర మీద కాల్పులు జరుగుతున్నాయి.

నేను నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి ఆమె ముఖం చూసి నవ్వు పోయింది.

"పాపం మే. అంత పెద్దమనిషిని నోటికొచ్చినట్లు తిట్టినాం. సచ్చిపోతే చప్పట్లు కొట్టినాం."

"సినిమానే గదా అత్తా."

"సినిమా అయితే మాత్రం?"

ఆ సాయంత్రం ప్రార్థన మామూలు కంటే కొంచెం పొడుగ్గా సాగింది. ఎవరికోసమని నేను అడగలేదు. మా అత్త లేచి, మోకాళ్ల కింద పరిచిన దుప్పటి దులుపుతూ, "ఇంగోసారి కడపకు పోయొద్దాం" అంది.

అక్క రానంది. "నేను నవ్వుకుంటా ఇంటికొచ్చినా. మళ్లీ ఏడ్చేదానికి బస్సెక్కల్నా?"

ఇద్దరమే పోయాం. హాలు ఖాళీగా ఉంది. ఈసారి కాఫీ వట్టి కాఫీ, ఫోన్ వట్టి ఫోన్. పెద్దాయన కిటికీ దగ్గర నిలబడినప్పుడు నాకు గట్టిగా ఆవలింత వచ్చింది. రివ్యూల వాళ్లు నిజమే రాశారనిపించింది. తూటా తగిలిన చోట మాత్రం మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఆమెను చూసి నేనూ ఏడ్చాను. కళ్లు చెమర్చడం దగ్గర కూడా వాళ్లది తప్పు కాదు.

బయటికొచ్చి కారం దోసె తింటున్నప్పుడు, "ఎట్లుండాది అత్తా?" అన్నాను.

ఆమె చాలా ఆలోచించింది. "ఏడుపొచ్చింది. మనసు తేలికైంది. కానీ పోయినసారి సీను సీనుకూ గుండె దడదడ కొట్టుకున్న్యాది గదా, అది లేదు."

"అయితే రెండుంపావు ఇద్దామా?"

"దేనికి? వాళ్లు తీసినదానికా, మనం చూసినదానికా?"

ఇంకో దోసె చెప్పాను.

అప్పటికే ఎదురింటి అక్క అంగడికొచ్చిన ఆడవాళ్లందరికీ మొదటి కథే చెప్పేసింది. మా వీధిలో సగం మంది ఆ పెద్దాయన్ను ద్రోహి అనే నమ్మి, అట్లాగే చూసి, సినిమా శానా బాగుండాదని చెప్పుకున్నారు. మా అత్తకు అది భరించరానిదయింది. ఒకరోజు చింతపండు కొనడానికని నన్ను వెంటబెట్టుకుని పోయి, అంగడి మెట్ల మీద కూర్చుని, కాగితాలు దొంగవనీ, పెద్దాయన దేవుడిలాంటివాడనీ అక్కకు మొదటినుంచి విడమరిచి చెప్పింది. అక్క చింతపండు తూకం వేస్తూ అంతా విన్నది.

"మీరు చెప్పేది నిజమే అయ్యుంటాది పెద్దమ్మా" అంది పొట్లం కడుతూ. "ఆయన మీకు మంచోడే అనుకోండి. నాకు మాత్రం దొంగ సచ్చినోడుగానే ఉండనీండి. అంత బాగా తిట్టుకునేదానికి మళ్లీ ఎవరు దొరుకుతారు?"